గొంతు తీసేస్తే మిగిలిన పాట

జమైకా సంగీతమైన రూట్స్ రెగేలో గొంతు తీసేసి మలిచిన వాద్య రికార్డును, అంటే ‘డబ్’ను, ఫోన్ స్పీకర్లో వింటే సగం పాట పోయినట్టే. బేస్ గిటార్ లావు తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. అంత చిన్న స్పీకర్ అంత గాలిని కదపలేదు. పెద్ద స్పీకరున్నా మెల్లగా పెడితే లాభం లేదు. చిన్న శబ్దంలో, 50 హెర్ట్జ్ ధ్వని మనం మాట్లాడే శ్రుతిలోని ధ్వనితో సమానంగా వినిపించాలంటే దానికి 30 డెసిబెల్స్ పైగా అదనపు బలం కావాలి. వాల్యూమ్ పెరిగేకొద్దీ ఆ తేడా తగ్గుతుంది. జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లో బీరువాలంత బాక్సుల్లో 18 అంగుళాల వూఫర్లు బిగించి వీధిలో నిలబెట్టింది ఊరికే కాదు.

ఆ బాక్సులతో ఒక చిక్కుంది. పక్కపక్కన పెట్టిన రెంటిలో ఒకదానికి ప్లస్, మైనస్ వైర్లు తారుమారైతే ఒకటి గాలిని నెట్టేటప్పుడు రెండోది లాగుతుంది. 50 హెర్ట్జ్ తరంగం దాదాపు 7 మీటర్ల పొడవు కాబట్టి రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుని బేస్ మాయమవుతుంది. పైశ్రుతులు మాత్రం బాగానే వినిపిస్తాయి, దాంతో అందరూ ఆంప్లిఫయర్‌ని తిడతారు! 1.5 వోల్టుల బ్యాటరీని ఒక్క క్షణం వూఫర్ తీగలకు తాకించి చూస్తే చాలు: ప్లస్‌కు ప్లస్ కలిపినప్పుడు అన్ని కోన్లూ ముందుకే కదలాలి.

1960ల చివర్లో ట్రెజర్ ఐల్ స్టూడియోలో, రడ్డీ రెడ్‌వుడ్ అనే సౌండ్ సిస్టమ్ (వీధిలో ఇలాంటి బాక్సులు పెట్టి రికార్డులు వేసే బృందం) యజమాని కోసం డిస్క్ మీద పాటను గాడిగా కోస్తూ ఇంజనీరు గొంతు ట్రాకు కలపడం మరిచాడని చెబుతారు. రెడ్‌వుడ్ దాన్ని అలాగే వేస్తే జనమే పాడేశారట. అలా మొదలైన గొంతులేని ‘వెర్షన్’ను డబ్‌గా మలిచినవారిలో ముఖ్యుడు కింగ్ టబ్బీ, అసలు పేరు ఒస్బోర్న్ రడ్డాక్. రేడియోలు బాగుచేసి, ఆంప్లిఫయర్లు కట్టినవాడు. కింగ్‌స్టన్‌లోని వాటర్‌హౌస్ పేటలో ఆయన చిన్న ఇంట్లో బ్యాండుకు చోటు లేదు. వేరేచోట రికార్డయిన నాలుగు ట్రాకుల టేపులే అక్కడికి వచ్చేవి. డ్రమ్స్, బేస్ వదిలి మిగతావాటిని ఫేడర్లతో (ట్రాకు శబ్దాన్ని పెంచి దించే మీటలు) తీసి, వేసి, తీసి: మిక్సరే ఆయన వాద్యం.

ఆయన వాడిన మరో పనిముట్టు టేపు ఎకో: టేపు మీద రికార్డయిన శబ్దం కాస్త ఆలస్యంగా మళ్లీ మోగుతుంది. దాని లెక్క సులువు. రికార్డు హెడ్‌కూ ప్లేబ్యాక్ హెడ్‌కూ మధ్య 8 సెంటీమీటర్లు, టేపు వేగం సెకనుకు 19 సెంటీమీటర్లు అయితే ప్రతిధ్వని 0.42 సెకన్లకు వస్తుంది. నిమిషానికి 72 బీట్ల పాటలో అది దాదాపు అర బీటు. గిటార్ ఒక్క మీటు మోగినప్పుడే ఎకోకు దారి తెరిచి వెంటనే మూసేయాలి. తిరిగొచ్చిన శబ్దాన్ని మళ్లీ లోపలికి పంపేటప్పుడు ప్రతి విడతా ముందుదానికంటే గట్టిగా వస్తే క్షణాల్లో ఊళ పెడుతుంది. ఆ అంచుదాకా తీసుకెళ్లి ఫేడర్ దించడమే చేతివాటం. ప్రతి చుట్టుకూ టేపు పైశ్రుతుల్ని తినేస్తుంది కాబట్టి ప్రతిధ్వని మసకబారుతూ పోతుంది. బేస్‌ను మాత్రం ఎకోకు పంపకూడదు. ఒక స్వరం మీద ఇంకోటి పడి అంతా బురదవుతుంది.

టబ్బీ మిక్సర్ బల్లలో మరో ఆయుధం, కిందిశ్రుతుల్ని కోసే ఫిల్టర్. దాని పెద్ద గుండీని మెట్టుమెట్టుగా తిప్పితే డ్రమ్స్ సన్నబడి సన్నబడి చివరికి తాళాల చప్పుడే మిగులుతుంది. స్ప్రింగుల కంపనంతో ప్రతిధ్వని పుట్టించే స్ప్రింగ్ రివర్బ్ పెట్టెను చేత్తో కొడితే ఉరుము. అగస్టస్ పాబ్లో వాయించే మెలోడికా (నోటితో ఊదుతూ మెట్లు నొక్కే వాద్యం) లాంటి పల్చని వాద్యం ఆ ఖాళీలో హాయిగా ఇమిడిపోయేది.

ఆ మిక్సును అల్యూమినియం పళ్లెం మీద లాకర్ పూతలో కోస్తారు. అదే డబ్‌ప్లేట్, ఒక్క సౌండ్ సిస్టమ్‌కే సొంతం. పూత మెత్తన; సూది తిరిగినకొద్దీ గాడి అరుగుతుంది, ముందు పోయేది డ్రమ్స్‌లోని హై-హ్యాట్ తాళాల చప్పుడు. అందుకే మంచి ప్లేటును సెలెక్టర్లు (రికార్డులు ఎంచి వేసేవాళ్లు) ఎదుటి సౌండ్ సిస్టమ్‌తో పోటీ పడే రాత్రికి దాచుకునేవారు.