తండ్రికుక్క రంగేదో అడిగినారా?

బుజ్జీ, చిన్నోడా,

మీరు పంపిన కుక్కపిల్ల ఫొటో చూసినాను. బూడిద ఒళ్ళు, మీద సిరా చల్లినట్టు నల్లమచ్చలు, ఒక కన్ను నీలం. ముద్దుగానే ఉంది. కొనాలా వద్దా అని మీ నాయన నన్నడిగినాడు. ఫోన్లో చెప్తే సగమే వింటారు, అందుకే కూర్చొని రాస్తున్నా.

ఆ మచ్చల రంగును మెర్ల్ అంటారు. ఒక జన్యువు చేసే పని అది. తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కవైపు వస్తే చాలు, రంగు తేలుతుంది, కుక్క చాలావరకు బాగానే బతుకుతుంది. ఇద్దరూ మెర్ల్ అయినప్పుడే చిక్కు. పుట్టే ప్రతి పిల్లకూ రెండువైపుల నుంచీ ఆ జన్యువు పడే అవకాశం నాలుగింట ఒక వంతు. అట్లాంటిది ఎక్కువగా తెల్లగా పుడుతుంది. చాలావాటికి చెవుడు, కళ్ళు సరిగా ఎదగవు.

వెంట్రుకల రంగుకూ చెవికీ ఏం సంబంధం అంటారేమో. రంగునిచ్చే కణాలు లోపలి చెవిలో కూడా ఉండాల. అక్కడ లేకపోతే, శబ్దాన్ని పట్టే కణాలు పుట్టిన కొన్ని వారాలకే చచ్చిపోతాయి. మళ్ళీ మొలవవు.

నేను అనంతపురంలో పశువుల ఆసుపత్రి కాంపౌండరుగా ఉన్నప్పుడు ఒకాయన రెండు నెలల తెల్లపిల్లను టవల్లో చుట్టుకొని తెచ్చినాడు. "పిలిస్తే రాదు సార్, మొండిది" అన్నాడు. దాని వెనక నిలబడి స్టీలు గిన్నె మీద గరిటెతో కొట్టినాను. చెవి కదల్లేదు. కాలితో నేలను దబ్బున తన్నితే ఉలిక్కిపడి తిరిగింది. కళ్ళు చింతగింజలంత. వాసన చూసుకుంటా వచ్చి నా వేళ్ళు నాకింది. అరుదైన రంగని చెప్పి రెట్టింపు ధర తీసుకున్నారంట. కొన్నాయన మంచోడే, పిల్లను వదల్లేదు, కాలు తట్టి అన్నానికి పిలవడం నేర్చుకున్నాడు. ఆ క్రాసింగు చేయించినోడి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

'బ్లూ' అని అమ్మేది ఇంకో రంగు, అది పలచబడిన నలుపే. రంగు వెంట్రుకలో సమంగా పరుచుకోక గడ్డలు కడుతుంది. డాబర్మన్ లాంటి జాతుల్లో ఆ వెంట్రుకలు విరిగి వీపు బోడిదవుతుంది. మన ఏప్రిల్ ఎండలో బోడి వీపుతో అది ఎట్లా తిరగాల?

అట్లని ఈ జాతికి ఇదే అసలు రంగని పుస్తకాల్లో రాసినవన్నీ మంచివనుకోవద్దు. డాల్మేషియన్‌కు తెలుపు మీద చుక్కలే అసలు రంగు, ఆ జాతిలో చెవుడు చాలా ఎక్కువ. బాక్సర్ జాతి కుక్కల్లో తెల్లపిల్ల పుడితే రంగు తప్పిందని పుట్టగానే చంపేసేవాళ్ళు. అదీ పాపమే, నా దృష్టిలో. రంగు ఏదైనా, పుట్టబోయే పిల్ల ఎట్లా బతుకుతుందో ముందే ఆలోచించి జత కట్టించినారా, అదే నేను చూసేది.

తల్లినీ తండ్రినీ రెండింటినీ చూపించమనండి. చూస్తే చాలదు, లేత పసుపు కుక్కలో మెర్ల్ దాక్కుంటుంది, కంటికి కనపడదు. బుగ్గ లోపల దూదిపుల్లతో తుడిచి చేసే డీఎన్‌ఏ పరీక్ష కాగితం అడగండి. కేంద్ర ప్రభుత్వం 2017లో పెట్టిన నిబంధనల ప్రకారం కుక్కలను ఈనించి అమ్మేవాళ్ళు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో నమోదు కావాల. 8 వారాలు నిండని పిల్లను అమ్మకూడదు. తల్లికి 18 నెలలు నిండాల, ఏడాదికి ఒక్క ఈతే. మీ ఫొటోలో పిల్లకు నెల కూడా నిండినట్టు లేదు, ఇంకా కాళ్ళు వణుకుతున్నాయి.

డబ్బులు కట్టొద్దు. అమ్మేవాడి నంబరు పంపండి, నేనే మాట్లాడతా.

మీ అబ్బ