కార్ల కంపెనీలు మునిగిపోతే జనం డబ్బుతో కాపాడాలా? డెట్రాయిట్‌లో ఎవరేం వదులుకున్నారు

2008 నవంబర్ 19న వాషింగ్టన్‌లో కాంగ్రెస్ కమిటీ ముందు ముగ్గురు కూర్చున్నారు, జీఎం (జనరల్ మోటార్స్) నుంచి రిక్ వాగనర్, ఫోర్డ్ నుంచి అలన్ ములాలీ, క్రైస్లర్ నుంచి రాబర్ట్ నార్డెల్లీ. అడగడానికి వచ్చింది 25 బిలియన్ డాలర్లు. బ్రాడ్ షెర్మన్ అనే సభ్యుడు, మామూలు విమానంలో టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి అన్నాడు, ఒక్క చెయ్యి లేవలేదు. ముగ్గురూ ఎవరి కంపెనీ జెట్‌లో వాళ్లు వచ్చారు. పోనీ ఆ జెట్ అమ్మేసి మామూలు విమానంలో వెనక్కి వెళ్తారా అంటే దానికీ ఎవరూ చెయ్యెత్తలేదు. డిసెంబర్‌లో రెండోసారి పిలిచినప్పుడు మాత్రం అమెరికా కార్ల కంపెనీల ఊరైన డెట్రాయిట్ నుంచి కార్లేసుకుని వచ్చారు.

చాలామందికి ఈ బెయిలవుట్ (మునిగే కంపెనీని ప్రభుత్వం డబ్బుతో ఆదుకోవడం) గురించి గుర్తున్నది ఈ జెట్ల గొడవే. జనానికి మండిందంటే మండదా మరి. కానీ మునిగే కార్ల కంపెనీకి ప్రభుత్వం చెయ్యందించాలా వద్దా అన్న పేచీ అంతకు ముప్పై ఏళ్ల ముందు నుంచీ నడుస్తున్నదే.

1979లో క్రైస్లర్ చేతులెత్తేసే స్థితికి వచ్చింది. లీ అయకోకా అప్పుడే దాని పగ్గాలు పట్టాడు, జీతం ఏడాదికి ఒక్క డాలర్ చాలన్నాడు, వాషింగ్టన్ వెళ్లి సాయం అడిగాడు. 1980 జనవరిలో ప్రెసిడెంట్ కార్టర్ చట్టం మీద సంతకం పెట్టాడు. అయితే ప్రభుత్వం నోట్ల కట్టలేమీ ఇవ్వలేదు, 1.5 బిలియన్ డాలర్ల వరకు అప్పులకి పూచీ ఉంటానంది అంతే. దానికి బదులు వర్కర్లు, బ్యాంకులు, సప్లయర్లు, డీలర్లు అందరూ తలా కొంత వదులుకోవాలని షరతు, పైగా షేర్లు ముందే ఖాయం చేసిన ధరకి కొనుక్కునే హక్కు కూడా ప్రభుత్వం రాయించుకుంది. 1983లో క్రైస్లర్ ఆ అప్పంతా ఏడేళ్లు ముందే తీర్చేసింది, ప్రభుత్వం తన హక్కు పత్రాలు వేలం వేస్తే 311 మిలియన్ డాలర్లు వచ్చాయి. వాటిని వదిలేయమని కంపెనీ బతిమాలినా ప్రభుత్వం వదల్లేదు, నా లెక్కలో అది చాలా మంచి పని. రిస్క్ జనానిది అయినప్పుడు లాభంలో వాటా కూడా జనానికి రావాలి కదా.

బెయిలవుట్ వద్దనేవాళ్లు బ్రిటన్‌ని చూపిస్తారు, వాళ్ల మాటలోనూ పస ఉంది. 1975లో బ్రిటిష్ లేలాండ్‌ని ప్రభుత్వం చేతుల్లోకి తీసుకుంది, ఏళ్ల తరబడి డబ్బు పోస్తూనే పోయింది, చివరికి చేతులు మారి మారి 2000లో బీఎండబ్ల్యూ, రోవర్‌గా పేరు మారిన ఆ కంపెనీని నామమాత్రంగా 10 పౌండ్లకి వదిలించుకుంది, 2005 ఏప్రిల్‌లో అదీ కూలిపోయి దాని ఫ్యాక్టరీ ఉన్న లాంగ్‌బ్రిడ్జ్‌లో దాదాపు ఆరు వేల మంది రోడ్డున పడ్డారు.

మన దగ్గర మారుతి కథ వేరు. ఒక్క కారు కూడా సరిగ్గా మార్కెట్లోకి తేలేక మూతపడిన కంపెనీని 1980లో కేంద్రం చట్టం చేసి తీసుకుంది, 1982లో సుజుకిని భాగస్వామిగా తెచ్చుకుంది, 1983 డిసెంబర్‌లో మొదటి మారుతి 800 రోడ్డెక్కింది, 2007కల్లా ప్రభుత్వం తన వాటాలన్నీ అమ్ముకుని బయటికొచ్చింది. డబ్బుతో పాటు పని తెలిసినవాడు కూడా దొరికాడు కాబట్టి నిలబడింది. జహీరాబాద్‌లో ఆల్విన్ నిస్సాన్ కూడా మహీంద్రా చేతికి వెళ్లాకే కుదురుకుంది.

మళ్లీ 2008కి వద్దాం. డెట్రాయిట్ కంపెనీల జబ్బు పాతదే, పెద్ద పెద్ద ఎస్‌యూవీల మీదే లాభాలు, రిటైరైనవాళ్ల హెల్త్ ఖర్చుల భారం, అవతల టయోటా, హోండాల పోటీ. ఆ ఎండాకాలం పెట్రోల్ గ్యాలన్ నాలుగు డాలర్లు దాటింది, సెప్టెంబర్‌లో లేమన్ అనే పెద్ద బ్యాంకు కూలింది, కారు లోన్లు ఇచ్చేవాడే లేడు. 2007లో అమెరికాలో కోటీ అరవై లక్షల బళ్లు అమ్ముడైతే 2009కి అది కోటీ నాలుగు లక్షలకి పడిపోయింది.

మిట్ రామ్నీ లాంటి రిపబ్లికన్ నాయకులు వాళ్లని కోర్టుకి వెళ్లి దివాళా పిటిషన్ వేసుకోనివ్వండి, బాగుపడి వస్తారు అన్నారు. వినడానికి బావుంటుంది, మామూలు రోజుల్లో అయితే నేనూ అదే అంటాను. కానీ దివాళా కోర్టులో ఉన్నన్నాళ్లు కూడా ఫ్యాక్టరీ నడపాలి, కరెంటు బిల్లు కట్టాలి, జీతాలివ్వాలి, దానికి ఎవడో ఒకడు అప్పివ్వాలి, ఆ చలికాలంలో బ్యాంకులే ప్రభుత్వం దగ్గర చెయ్యి చాపి ఉన్నాయి.

ఇంకోటి సప్లయర్ల సంగతి. మా పెదనాన్నగారి అబ్బాయి అప్పుడు డెట్రాయిట్ పక్కన ట్రాయ్‌లో ఉండేవాడు, కారు సీటు ముందుకీ వెనక్కీ జరిగే పట్టాలు చేసే ఒక చిన్న కంపెనీలో కాంట్రాక్ట్ డిజైనర్, హెచ్1బీ. పార్టులు పంపాక డబ్బులు రావడానికి నెలన్నర, రెండు నెలలు పట్టేది, అంటే పెద్ద కంపెనీ ఆగిపోతే ఈ చిన్న కంపెనీకి రెండు నెలల సరుకు గోవిందా. వీళ్లే ఫోర్డ్‌కి కూడా అవే పట్టాలు పంపేవాళ్లు. అందుకే సాయం అక్కర్లేని ఫోర్డ్ కూడా (2006లోనే ఆస్తులన్నీ, చివరికి తన నీలం లోగోతో సహా, తాకట్టు పెట్టి డబ్బు తెచ్చుకుంది) వెళ్లి పోటీ కంపెనీలని కాపాడండి అని అడిగింది. క్రిస్మస్ ముందు క్రైస్లర్ తన 30 ప్లాంట్లనీ నెల రోజులకి మూసేసింది. అన్నయ్యకి ఫోన్ చేస్తే "జనవరిలో మా షాపు తెరుస్తారో లేదో తెలీదురా" అన్నాడు. ఉద్యోగం పోయినా ఇంకోటి వెతుక్కోవడానికి హెచ్1బీ వాళ్లు 60 రోజులు ఉండొచ్చనే రూల్ అప్పటికి లేదు, అది 2017లో వచ్చింది. వదిన గిన్నెలు, పిల్లాడి పుస్తకాలు అట్టపెట్టెల్లో సర్దేసింది, మార్చి దాకా ఆ పెట్టెలు విప్పలేదు, రెండు ప్లేట్లు, ఒక కుక్కర్ మాత్రం బయట ఉంచుకుని రోజులు నెట్టారు.

డిసెంబర్ 11న సెనేట్‌లో బిల్లు ఆగిపోయింది, వర్కర్ల జీతాలు ఎంత త్వరగా తగ్గించాలన్న దగ్గర బేరం తెగలేదు. 19న బుష్, బ్యాంకుల కోసం పెట్టిన నిధి నుంచే 17.4 బిలియన్ డాలర్లు అప్పుగా ఇస్తున్నానన్నాడు. ఒబామా వచ్చాక ఇంకా గట్టిగా పట్టాడు, వాగనర్‌ని దిగిపొమ్మన్నారు, ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జీఎం దివాళా కోర్టుకి వెళ్లి రెండూ తలా నలభై రోజుల్లో బయటికొచ్చాయి. క్రైస్లర్ ఫియట్ చేతికి పోయింది, కొత్త జీఎంలో అమెరికా ప్రభుత్వం వాటా 60.8 శాతం.

ఎవరేం పోగొట్టుకున్నారో కూడా చూడాలి. జీఎం పాత షేర్ హోల్డర్లకి సున్నా. క్రైస్లర్‌కి అప్పిచ్చినవాళ్లకి డాలర్‌కి 29 సెంట్లు, వాళ్లలో ఇండియానా టీచర్ల పెన్షన్ ఫండ్ కూడా ఉంది. క్రైస్లర్ 789 మంది డీలర్లని తీసేసింది. జీఎంకి పార్టులు చేసే డెల్ఫీలో యూనియన్ వర్కర్ల పెన్షన్ లోటుని జీఎం పూడ్చింది, అదే కంపెనీ ఆఫీసు ఉద్యోగులకి మాత్రం పూడ్చలేదు, ఈ తేడాని నేనిప్పటికీ ఒప్పుకోలేను. ఇక లైన్ మీద పాత వర్కర్‌కి గంటకి 28 డాలర్ల దాకా వస్తే, పక్కనే నిలబడి అదే బోల్టు బిగించే కొత్త కుర్రాడికి 14. ఈ రెండంచెల జీతం వర్కర్ల యూనియన్‌తో 2007లో చేసుకున్న ఒప్పందంలోనే వచ్చింది, బెయిలవుట్ టైమ్‌లో అది గట్టిపడింది, పైగా ధరలతో పాటు జీతం పెరిగే ఏర్పాటు కూడా ఆగిపోయింది.

జీఎంలో పెట్టిన 49.5 బిలియన్లలో దాదాపు 10.5 బిలియన్లు తిరిగి రాలేదు, చివరి షేర్లు 2013 డిసెంబర్‌లో అమ్మేశారు. క్రైస్లర్ మీద ఇంకో 1.3 బిలియన్ల దాకా పోయింది. స్వీడన్ ప్రభుత్వం మాత్రం కార్ల ఫ్యాక్టరీలు మేం నడపం అని సాబ్‌ని వదిలేసింది, 2011 డిసెంబర్‌లో అది దివాళా తీసింది. ఆస్ట్రేలియా సబ్సిడీలకి చెయ్యి వెనక్కి తీసుకుంది, 2017 అక్టోబర్‌లో హోల్డెన్ చివరి కారు బయటికొచ్చాక ఆ దేశంలో పెద్ద కార్ల ఫ్యాక్టరీ అన్నదే లేదు. ఇవన్నీ చూశాక 2009లో కాపాడటం కరెక్టే అంటాను నేను. తప్పు ఎక్కడంటే, వర్కర్ వదులుకున్నది లాభాలొచ్చాక ఎప్పుడు తిరిగివ్వాలో ఆ కాగితాల్లో రాయించలేదు, 1980లో ప్రభుత్వం తన కోసం రాయించుకున్నట్టు.

రాయించని దానికి 2023 సెప్టెంబర్ 15న యూనియన్ మూడు కంపెనీల మీదా ఒకేసారి స్ట్రైక్‌కి దిగాల్సొచ్చింది. బెయిలవుట్ నాటి వైస్ ప్రెసిడెంట్ బైడెన్, ఈసారి ప్రెసిడెంట్‌గా మిషిగన్ వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డాడు. ఆరు వారాలయ్యాక ధరలతో పాటు జీతం పెరిగే ఏర్పాటు వెనక్కొచ్చింది, కొత్తవాళ్లు పై జీతానికి చేరే టైమ్ ఎనిమిదేళ్ల నుంచి మూడేళ్లకి తగ్గింది. 2007 తర్వాత చేరినవాళ్లకి పాత పద్ధతి పెన్షన్ మాత్రం రాలేదు.