పల్చటి నెగెటివ్‌కు కడిగినవాళ్లు ఏం చేయగలరు? ఫిల్మ్ ఎక్స్‌పోజర్‌పై అపోహలు - వాస్తవాలు

నిన్న ఒకాయన మా ల్యాబ్‌లో కడిగించుకెళ్లిన బ్లాక్ అండ్ వైట్ రీలు తిరిగి పట్టుకొచ్చారు. "కడగడంలో ఏదో తేడా జరిగినట్టుందండీ" అన్నారు. లైట్‌బాక్స్ మీద పరిచి చూశాం. 36 ఫ్రేములూ పల్చగా, అంటే వెలుతురు చాలక పారదర్శకంగా ఉన్నాయి. అంచున ఫ్రేమ్ నంబర్లు మాత్రం నల్లగా, స్పష్టంగా ఉన్నాయి. ఆ నంబర్లు ఫ్యాక్టరీలోనే ఎక్స్‌పోజ్ అయి వస్తాయి. అవి బాగా తేలాయంటే కడగడం సరిగ్గానే జరిగింది, కెమెరాలో వెలుతురే చాలలేదు.

అడిగితే తెలిసింది: "అనుమానమొస్తే ఒక స్టాప్ తగ్గించడం సేఫ్" అని ఎవరో చెప్పారట. స్టాప్ అంటే ఫిల్మ్‌కు తగిలే వెలుతురును సగమో రెట్టింపో చేసే ఒక మెట్టు. ఈ ఒక్క మాట పాడుచేసినన్ని రీళ్లు ఇంకేదీ పాడుచేయలేదు. అది డిజిటల్ అలవాటు. నెగెటివ్ ఫిల్మ్‌లో నీడలకు తగినంత వెలుతురు తగలకపోతే డెవలపర్‌కు అక్కడ పనే ఉండదు. అక్కడి వెండి లవణం ఫిక్సర్ అనే రసాయనంలో కరిగిపోయి ఖాళీ ప్లాస్టిక్ బేస్ మిగులుతుంది. అదే రెండు స్టాపులు ఎక్కువైనా పోర్ట్రా 400, హెచ్‌పీ5 లాంటి నెగెటివ్ ఫిల్ములు తట్టుకుంటాయి. అందుకే అనుమానమొస్తే పెంచండి. స్లైడ్ ఫిల్మ్ (నెగెటివ్ కాకుండా నేరుగా బొమ్మే వచ్చేది) సంగతి వేరు, అక్కడ అర స్టాప్ ఎక్కువైనా తెలుపు ఎగిరిపోతుంది.

"పుష్ చేస్తే, అంటే ఎక్కువసేపు కడిగితే వస్తుంది కదా?" రాదు. ఎక్కువసేపు డెవలప్ చేస్తే మిడ్‌టోన్లు, హైలైట్లు పైకొస్తాయి, కాంట్రాస్ట్, గ్రెయిన్ పెరుగుతాయి. నీడలు దాదాపు ఉన్నచోటే ఉంటాయి. స్కానింగ్‌లో లాగినా బురదలాంటి బూడిదరంగే వస్తుంది.

"మీటర్ (వెలుతురు కొలిచేది) చూసే తీశానండీ" అనేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది, నేనూ అలాగే నమ్మాను కాబట్టి. నేర్చుకునే రోజుల్లో అమ్మమ్మను కిటికీ ముందు కూర్చోబెట్టి తీశాను. సూది సరిగ్గా మధ్యలో నిలిచింది. కానీ మీటర్ కొలిచింది కిటికీని. ఆ నెగెటివ్‌లో కిటికీ ఊచలు ఒక్కొక్కటీ లెక్కపెట్టొచ్చు, అమ్మమ్మ ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు. మళ్లీ తీసే అవకాశం రాలేదు. అప్పటినుంచి మనిషి దగ్గరికి నడిచి వెళ్లి, ముఖంలో నీడ పడ్డ వైపు కొలిచి, ఆ సెట్టింగ్ మార్చకుండా వెనక్కొచ్చి తీస్తున్నాను. నల్లటి జుట్టు లాంటి ముదురు చోటును కొలిస్తే మాత్రం రెండు స్టాపులు తగ్గించాలి. ఎందుకంటే మీటర్ దేన్ని చూసినా మధ్యస్థ బూడిదరంగే అనుకుంటుంది, నలుపును కూడా బూడిదరంగు చేసేంత వెలుతురు ఇమ్మంటుంది.

మిగతావి చకచకా. సన్నీ 16 (మీటర్ లేకుండా ఎండను బట్టి ఎక్స్‌పోజర్ అంచనా వేసే సూత్రం) పాతకాలపు ముచ్చట కాదు. ఎండలో ఐఎస్ఓ 400 ఫిల్మ్‌కు ఎఫ్16 అపర్చర్, 1/500 సెకను షటర్ ఇప్పటికీ పనిచేస్తాయి. 1.35 వోల్టుల మెర్క్యురీ బ్యాటరీకి తయారైన పాత కెమెరాలో 1.5 వోల్టుల ఆల్కలైన్ వేస్తే మీటర్ తప్పు చెప్పే అవకాశం చాలా ఎక్కువ. సెకనుకు మించిన ఎక్స్‌పోజర్లలో చాలా ఫిల్ములకు మీటర్ చెప్పిన టైమ్ చాలదు.

నిన్నటాయన బాగా టెన్షన్ పడ్డారు. తర్వాతి 400 రీలుకు కెమెరా ఐఎస్ఓ డయల్ 200 మీద పెట్టి, అంటే ఒక స్టాప్ వెలుతురు ఎక్కువ ఇచ్చి తీసుకురమ్మన్నాను. కడిగాక ముందు స్కాన్ కాదు, నెగెటివ్‌నే ఇద్దరం లైట్ మీద పెట్టి చూస్తాం.