కల్పాక్కం పాత రియాక్టర్లు: అనుమతి పొడిగించేది ఎవరు, మనకు చెప్పేది ఎంత?

మ్యాపు మీద గీత గీస్తే తిరుపతి నుంచి తమిళనాడులో అణు విద్యుత్ కేంద్రం ఉన్న కల్పాక్కం 150 కిలోమీటర్ల లోపే. చిత్తూరు నుంచీ దాదాపు అంతే. ప్రమాదం జరిగితే ఏం చేయాలన్న ప్రణాళిక ప్లాంటు చుట్టూ 16 కిలోమీటర్ల వరకే కాబట్టి మన జిల్లాల్లో దాని గురించి ఎవరికీ టెన్షన్ లేదు, ఉండాల్సిన పనీ లేదు. అయితే అక్కడ పుట్టే కరెంటులో ఆంధ్రకు వాటా ఉంది. తిరుపతిలో హెడ్డాఫీసున్న ఎస్పీడీసీఎల్‌కు నెలనెలా బిల్లు కట్టేవాళ్లు ఆ రియాక్టర్ల వయసెంత, వాటిని ఇంకా నడపొచ్చని తేల్చిందెవరు అని అడగడంలో తప్పేమీ లేదు.

మొదటి యూనిట్ 1984 జనవరిలో, రెండోది 1986 మార్చిలో వాణిజ్య ఉత్పత్తి మొదలుపెట్టాయి. ఒక్కోదాని సామర్థ్యం 220 మెగావాట్లు. కొత్తలోనే కష్టాలు వచ్చాయి. రియాక్టర్ పాత్రలోకి భారజలం (రియాక్టర్ పనిచేయడానికి వాడే ప్రత్యేకమైన నీరు) వెళ్లే మార్గంలోని భాగాలు 1989లో దెబ్బతిన్నాయి. దాంతో రెండింటినీ ఏళ్ల తరబడి 170 మెగావాట్లకే పరిమితం చేశారు. 1999 మార్చిలో రెండో యూనిట్‌లో భారజలం లీకైంది. ఇంధనాన్ని పట్టి ఉంచే గొట్టాలు రేడియేషన్‌కు, వేడికి సాగి, హైడ్రోజన్ పీల్చుకుని పెళుసెక్కుతాయి. ఒక్కో రియాక్టర్‌లో అలాంటివి 306 ఉంటాయి. 2002 నుంచి వరుసగా రెండు యూనిట్లలోనూ వాటన్నిటినీ మార్చాక మళ్లీ పూర్తి సామర్థ్యం వచ్చింది. ఇంజినీర్లు చేసింది చిన్న పని కాదు. 2004 సునామీ నీళ్లు పంపుహౌసులోకి వచ్చినప్పుడు నడుస్తున్న రెండో యూనిట్‌ను సురక్షితంగా ఆపగలిగారు కూడా. మొదటి యూనిట్ మాత్రం 2018 జనవరిలో ఆగి, ఏళ్ల తరబడి మూతపడే ఉంది.

మన దగ్గర లైసెన్సు గరిష్ఠంగా ఐదేళ్లకిస్తారు, పదేళ్లకోసారి సమగ్ర భద్రతా సమీక్ష చేస్తారు. పద్ధతిగా చూస్తే ఇది మంచిదే. అమెరికాలో మొదటి లైసెన్సే 40 ఏళ్లు, ఆ తర్వాత ఒక్కో పొడిగింపు 20 ఏళ్లు. కాకపోతే అక్కడ కంపెనీ పెట్టుకున్న దరఖాస్తూ, దాని మీద అధికారుల మదింపూ ఎవరైనా చదవొచ్చు, అభ్యంతరం ఉంటే విచారణ కోరవచ్చు. ఇక్కడ సమీక్ష నివేదిక బయటికి రాదు. కొత్త ప్లాంటు కట్టాలంటే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు. పాతదాన్ని ఇంకో ఐదేళ్లు నడపడానికి అదీ లేదు.

అలాగని లోపలి సమీక్ష జరిగితే చాలనుకోవడానికీ లేదు. జపాన్‌లోని ఫుకుషిమా అణు కేంద్రం మొదటి రియాక్టర్‌కు మరో పదేళ్లు నడిపే అనుమతి 2011 ఫిబ్రవరిలో వచ్చింది. సునామీ మార్చిలో వచ్చింది.

మన అణుశక్తి నియంత్రణ మండలి (ఏఈఆర్‌బీ) 1983 నవంబరులో పుట్టింది, అదీ ప్రభుత్వ ఉత్తర్వుతో. అది జవాబు చెప్పుకుంటూ వచ్చింది అణుశక్తి సంఘానికి. ఆ సంఘానికి అధ్యక్షుడు అణుశక్తి శాఖ కార్యదర్శే. ఆ శాఖ కిందే ప్లాంట్లు నడిపే సంస్థా ఉంది. 1995లో మండలి అధ్యక్షుడు ఎ. గోపాలకృష్ణన్ హయాంలో దేశంలోని అణు కేంద్రాల్లో సుమారు 130 భద్రతా సమస్యలతో ఒక నివేదిక తయారైంది. దాన్ని బయటపెట్టమని పౌరహక్కుల సంఘం, బొంబాయి సర్వోదయ మండల్ కోర్టుకెక్కాయి. 1962 అణుశక్తి చట్టం 18వ సెక్షన్ గోప్యతకు అవకాశమిచ్చింది. 2004 జనవరిలో సుప్రీంకోర్టూ ఆ పిటిషన్‌ను కొట్టేసింది. ఈలోపు 2000లో భాభా అణు పరిశోధన కేంద్రం సంస్థలను మండలి పరిధి నుంచే తప్పించారు. 2003 జనవరిలో కల్పాక్కంలోని వాడిన ఇంధనాన్ని శుద్ధిచేసే కేంద్రంలో ఆరుగురు ఉద్యోగులు పరిమితికి మించి రేడియేషన్‌కు గురైతే, బయటి జనానికి తెలిసింది నెలల తర్వాత.

మండలికి స్వతంత్ర హోదా లేదని 2012లో కాగ్ ఎత్తిచూపింది. ఫుకుషిమా తర్వాత తెచ్చిన బిల్లు 2014లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది. చివరికి 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన కొత్త అణుశక్తి చట్టం 'శాంతి' మండలికి చట్టబద్ధ హోదా ఇచ్చింది, ప్రైవేటు కంపెనీలకూ తలుపు తీసింది. హోదా సరే. పాత రియాక్టర్ భద్రతా సమీక్షను, వాణిజ్య రహస్యాలు తీసేసైనా, జనం ముందు పెడతారా అన్నది తేలాలి. కల్పాక్కం తర్వాతి రెన్యువల్ దగ్గరే అది తెలుస్తుంది.