యాలకుల రేటు ఎక్కడ తేలుతుంది? అపోహలు - వాస్తవాలు

దుబాయ్‌లో దేరా వైపు ఒక మసాలా దినుసుల దిగుమతి సంస్థలో కొనుగోళ్లు చూడటం నా పని. నా చేతుల మీదుగా ఎక్కువగా వెళ్లే సరుకు యాలకులు, అదీ పొడి కాదు, తొక్కతో ఉన్న కాయ. యాలకుల రేటు పేపర్లో పడినప్పుడల్లా మన వైపు నుంచి కిరాణా వాళ్లూ, స్వీట్ షాపుల వాళ్లూ ఫోన్ చేస్తారు. అడిగే ప్రశ్నలు దాదాపు అవే. వాటి వెనకున్న కొన్ని నమ్మకాల వల్ల చిన్న వ్యాపారుల డబ్బు పోతోంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: దుబాయ్ యాలకులు వేరే రకం, మన వాటికంటే మేలు.

వాస్తవం: యాలకులు దుబాయ్‌లో పండవు. ఇక్కడికి వచ్చేది ఎక్కువగా మధ్య అమెరికాలోని గ్వాటెమాలా సరుకు, కొంత ఇండియా సరుకు. జల్లెడ పట్టి, సైజుల వారీగా వేరు చేసి, ప్యాక్ చేసి చుట్టుపక్కల దేశాలకు మళ్లీ పంపుతారు. సెలవుకు వెళ్లేటప్పుడు మనవాళ్లు సూట్‌కేసులో పెట్టుకెళ్లే ప్యాకెట్లో ఉన్నది ఒక్కోసారి మన కేరళ ఇడుక్కి జిల్లా కాయే.

అపోహ: కేరళలో పంట బాగుంటే రేటు పడిపోతుంది, లేకపోతే లేస్తుంది.

వాస్తవం: ఇది సగమే నిజం. మిగతా సగం తెలియకుండా ఈ వ్యాపారం అర్థం కాదు.

యాలకులు పుట్టింది మన పడమటి కనుమల్లోనే. మొదటి ప్రపంచ యుద్ధం నాటి రోజుల్లో ఒక జర్మన్ ప్లాంటర్ ఈ మొక్కను గ్వాటెమాలాకు తీసుకెళ్లాడు. అక్కడి ఆల్టా వెరపాజ్ కొండల్లో, కోబాన్ పట్టణం చుట్టూ అది బాగా కుదురుకుంది. ఇప్పుడు ప్రపంచంలో అందరికంటే ఎక్కువ యాలకులు ఎగుమతి చేసేది ఆ చిన్న దేశమే. అసలు సంగతేమిటంటే, అక్కడి జనం యాలకులు దాదాపు వాడరు. పండిందంతా ఓడెక్కాల్సిందే. ఇండియా అలా కాదు. మన చాయ్, బిర్యానీ, పాయసం, లడ్డూలకే పంటలో ఎక్కువ భాగం అయిపోతుంది.

కాబట్టి గల్ఫ్‌లో దిగుమతి ధరను ముందుగా కదిలించేది గ్వాటెమాలా వాతావరణం. 2020 నవంబరులో ‘ఎటా’, ‘అయోటా’ అనే రెండు తుపాన్లు రెండు వారాల తేడాతో ఆ ప్రాంతాన్ని ముంచెత్తాయి. 2024లో వర్షాలు సరిగా లేక, తామర పురుగు ఎక్కువై అక్కడ పంట దెబ్బతింది. కొనేవాళ్లంతా ఇడుక్కి వైపు తిరిగారు. ఆ ఏడాది ఎండలకు ఇడుక్కిలోనూ తోటలు ఎండాయి. రెండూ కలిసి 2025 మొదట్లో మన వేలాల్లో సగటు కిలో 3 వేల రూపాయల దరిదాపుల్లోకి వెళ్లింది. హైదరాబాద్ బేగంబజార్‌లో రేటు ఎందుకు పెరిగిందని అడిగితే, సమాధానంలో పెద్ద వాటా కోబాన్‌లో ఉంది.

అపోహ: వేలంలో పలికిన రేటే మార్కెట్ రేటు.

వాస్తవం: చిన్న వ్యాపారులు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. చిన్న యాలకుల (మనం రోజూ వాడే పచ్చ యాలకుల) వేలాలు కేంద్ర ప్రభుత్వ స్పైసెస్ బోర్డు ఆధ్వర్యంలో ఇడుక్కి జిల్లా పుట్టడిలో, తమిళనాడు బోడినాయకనూరులో జరుగుతాయి. 2019 ఆగస్టులో పుట్టడిలో ఒక లాటు, అంటే ఒకేసారి వేలానికి పెట్టిన సరుకు, కిలో 7,000 రూపాయలు పలికింది. టీవీలన్నీ ఆ అంకెనే చూపించాయి. అది ఆ రోజు గరిష్ఠ ధర, అంటే అన్నిటికంటే మంచి లాటుకు వచ్చిన రేటు. సగటు దానికి చాలా కింద ఉంది. మామూలు కొనుగోలుదారుకు సంబంధించింది ఆ సగటే.

పైగా ఆ సంవత్సరం మామూలు సంవత్సరం కాదు. 2018 వరదల్లో తోటలు పాడయ్యాయి, తర్వాత ఎండలకు మిగిలినవీ దెబ్బతిన్నాయి. ఆ రేటు చూసి, ఇంకా పెరుగుతుందని అప్పు చేసి మరీ సరుకు కొని పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు. 2022కల్లా వేలం సగటు కిలో వెయ్యి లోపుకి దిగింది. రేటు బాగుందని రైతులు కొత్త మొక్కలు వేస్తారు, రెండు మూడేళ్లకు అవి కాపుకొస్తాయి, సరుకు ముంచెత్తుతుంది. ఇది ప్రతిసారీ జరిగేదే.

అపోహ: యాలకులు బంగారం లాంటివి, కొని దాచుకుంటే చాలు.

వాస్తవం: బంగారం రంగు మారదు, వాసన పోదు. యాలక్కాయకు రెండూ పోతాయి. లోపల నల్ల ప్లాస్టిక్ సంచి వేసిన గోనెలో, వెలుతురు తగలకుండా, తేమ 10 శాతం దగ్గర ఉండేలా నిల్వ చేస్తేనే పచ్చదనం కొన్నాళ్లు నిలుస్తుంది. కొత్త పంట దిగిన రోజు పాత సరుకు అడిగేవాడు ఉండడు.

అపోహ: దిగుమతి లెక్కల్లో కిలో సగటు ధర పెరిగితే యాలకుల రేటు పెరిగినట్టే.

వాస్తవం: కస్టమ్స్ లెక్కల్లో కాయ యాలకుల కోడ్ 0908.31, పొడి లేదా నలిపినది 0908.32. ఈ విభజన 2012లో వచ్చింది. అంతకు ముందు కాయా, పొడీ ఒకే కోడ్‌లో ఉండేవి. కాబట్టి 2012కు అటూ ఇటూ కలిపి గీసిన చార్టు మీద నాకు నమ్మకం లేదు. ఇంకో చిక్కు కూడా ఉంది. నేపాల్, సిక్కింలలో పండే పెద్ద నల్ల యాలకులు కూడా ఈ 0908.31లోకే వస్తాయి. ఏ దేశం ఆ సరుకు ఎక్కువ కొంటుందో దాని సగటు వేరేగా కనిపిస్తుంది. దిగుమతి విలువలో సాధారణంగా ఓడ కిరాయి, బీమా కలిసి ఉంటాయి, ఎగుమతి విలువలో ఉండవు. ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి తేడా అంతా దళారి లాభం అనుకోవడం అన్యాయం.

సగటులో సైజు కూడా దాక్కుంటుంది. ఎక్స్‌ట్రా బోల్డ్ అనే 7 మిల్లీమీటర్ల పెద్ద కాయకూ, 5 మిల్లీమీటర్ల కాయకూ రేటు ఒకటి కాదు. ఈసారి చిన్న కాయ ఎక్కువ తెప్పించుకుంటే, ఏ గ్రేడు రేటూ తగ్గకపోయినా సగటు తగ్గుతుంది. నేను రేటు చెప్పే ముందు సైజుతో పాటు లీటరు బరువు అడుగుతాను, అంటే లీటరు కొలతలో ఎన్ని గ్రాముల కాయ పడుతుందో. ఎక్స్‌ట్రా బోల్డ్‌కు 435 గ్రాములు ఉండాలి. బరువు తక్కువైతే లోపల గింజ తక్కువ. వాసన గింజలో ఉంటుంది, తొక్కలో కాదు.

అపోహ: రంజాన్ వస్తే రేటు లేస్తుంది.

వాస్తవం: సౌదీలో యాలకులు వేసి కాచే గహ్వా కాఫీకి ఆ నెల గిరాకీ పెరిగే మాట నిజమే, కానీ సరుకు అప్పటికే గోదాముల్లో ఉంటుంది. గ్వాటెమాలా నుంచి ఓడ రావడానికే నెల దాటుతుంది కాబట్టి మేం చాలా ముందే కొంటాం. పైగా రంజాన్ ఏటా దాదాపు 11 రోజులు ముందే వస్తుంది. 2019లో మే నెలలో వచ్చింది, అంటే కోతలు అయిపోయి పాత సరుకు మీద నడిచే రోజులు. 2026లో ఫిబ్రవరిలోకి వచ్చింది, అంటే కొత్త పంట జోరుగా దిగిన వెంటనే వచ్చే రోజులు. ఆనాటి లెక్క ఈనాటికి పనికిరాదు.

అపోహ: ఎంత పచ్చగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: కోసిన వెంటనే సరైన వేడిలో ఆరబెడితే పచ్చదనం నిలుస్తుంది, ఆ మేరకు నిజమే. రంగు వేసిన కాయ కూడా పచ్చగానే ఉంటుంది. తడి దూదితో రుద్ది చూడండి, దూదికి పచ్చరంగు అంటితే వద్దు. తర్వాత కాయ చీల్చి చూడండి. గింజలు నల్లగా, కాస్త జిగురుగా, నిండుగా ఉండాలి.

అపోహ: పురుగుమందుల ల్యాబ్ రిపోర్టు ఎగుమతిదారుల గొడవ, మనకెందుకు?

వాస్తవం: మందుల అవశేషాలు ఎక్కువున్నాయని సౌదీ భారత సరుకును వెనక్కి పంపడంతో ఇడుక్కి రైతులు, వ్యాపారులు బాగా దెబ్బతిన్నారు. అప్పటి నుంచి పరీక్షలో నెగ్గిన లాటుకు ఒక రేటు, పరీక్ష లేని లాటుకు ఇంకో రేటు నడుస్తోంది. బయట తీసుకోని సరుకు ఎక్కడో ఒకచోట అమ్ముడుపోవాలి కదా. అది చవగ్గా మన ఊరి దుకాణానికి చేరవచ్చు. మీరు కొనేది పాతిక కిలోలే అయినా, ఆ లాటు రిపోర్టు ఉందా అని అడగండి. ఉన్నవాళ్లు వెంటనే వాట్సాప్‌లో పంపుతారు.