పూత పూసిన సెపరేటర్ వచ్చిందని ఆటోను మూలన పెట్టకండి

కాకినాడలో ఒక కళాశాల ప్రయోగశాలలో లిథియం-సల్ఫర్ (గంధకం) సెల్స్ తయారు చేస్తుంటాను. సెల్‌లో ఒకవైపు గంధకం, రెండోవైపు లిథియం రేకు, అవి తాకకుండా మధ్యన పెట్టే పలుచని పొర సెపరేటర్. వాడుతున్నప్పుడు గంధకం పాలీసల్ఫైడ్లనే పదార్థాలుగా మారి, కరిగి, ఆ పొర దాటి లిథియం వైపు పోతుంది. అదే చిక్కు, దాన్ని ఆపడానికే పొర మీద పూత. నా పని సంగతి తెలిసినవాళ్లు తిప్పి తిప్పి అడిగేది ఒకటే: ఆ బ్యాటరీ ఎప్పుడొస్తుంది? ఆ ప్రశ్న వెనకున్న అపోహలు ఇవి.

అపోహ: సెపరేటర్ చిక్కు వీడిపోయింది, వచ్చే ఏడాది సల్ఫర్ బ్యాటరీ దుకాణాల్లో ఉంటుంది. ఇప్పుడు లిథియం-అయాన్ కొంటే డబ్బు దండగ.

వాస్తవం: అమలాపురం వైపు ఎలక్ట్రిక్ ఆటో నడిపే ఒకాయన ఇది నమ్మి, బ్యాటరీ పోయిన బండిని పాకలో పెట్టి అద్దె ఆటో నడుపుతున్నారు. ఫోనులో వీడియో చూపించి, "ఇది ఎప్పుడు దొరుకుతుందండీ?" అన్నారు. వాయిదాలు కడుతున్న మనిషి, ఆశపడటంలో తప్పేముంది? నా కోపమంతా ఆ వీడియో తీసినవాళ్ల మీదే. అందులో ఉన్నది చొక్కా బొత్తామంత కాయిన్ సెల్. చదరపు సెంటీమీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల గంధకం, కావలసినదానికి మించి ఎలక్ట్రోలైట్ (అయాన్లు కదిలే ద్రవం). ఆటో కదలాలంటే గంధకం అయిదారు మిల్లీగ్రాములకు పెరగాలి, ఎలక్ట్రోలైట్ బాగా తగ్గాలి. అప్పుడు కరిగిన పాలీసల్ఫైడ్లతో ద్రవం చిక్కబడుతుంది, లిథియం రేకు త్వరగా పాడవుతుంది. కాయిన్ సెల్‌లో నిలబడిన పూత అక్కడ చేతులెత్తేస్తుంది. ఆయనను ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్, ఇప్పుడు దొరికే ఒక లిథియం-అయాన్ రకం) ప్యాక్ వేయించుకోమన్నాను.

అపోహ: పూత అంటే రంధ్రాలు మూసేయడమే.

వాస్తవం: అన్నీ మూస్తే లిథియం అయాన్లు ఎటు పోవాలి? మామూలు పాలీప్రొపిలీన్ సెపరేటర్ రంధ్రాలు పదుల నానోమీటర్లు. పాలీసల్ఫైడ్లు అంతకన్నా చాలా చిన్నవి, సులువుగా దాటిపోతాయి. గాజు హెచ్-సెల్‌లో (మధ్యన సెపరేటర్ బిగించిన రెండు గదుల పాత్ర) ఒకవైపు వాటి ద్రావణం పోసి చూడండి, పూత లేకపోతే రెండోవైపు పసుపెక్కి, ఆపైన గోధుమరంగుకు తిరుగుతుంది. కార్బన్ పూత ధవళేశ్వరం ఆనకట్ట లాంటిది, ఆపినదాన్ని పనికి మళ్లిస్తుంది. పట్టుకున్న పాలీసల్ఫైడ్లకు ఎలక్ట్రాన్లు అందించి మళ్లీ చర్యలోకి దించుతుంది. అమెరికాలోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో బ్యాటరీ శాస్త్రవేత్త అరుముగం మంతిరాం బృందం 2012లో కార్బన్ పొరను గంధకానికీ సెపరేటర్‌కూ మధ్య పెట్టి చూపించింది ఈ పనే. పొర మందమైతే బరువూ పెరుగుతుంది. ఆ బరువును లెక్కలో చూపించేవాళ్లు తక్కువ.

అపోహ: సల్ఫర్ బ్యాటరీలో కిలోకు 2600 వాట్-అవర్లు, కాబట్టి ఇప్పటి బ్యాటరీకి పది రెట్ల దూరం.

వాస్తవం: అది గంధకం, లిథియం బరువులతో మాత్రమే కట్టిన కాగితపు లెక్క.

అపోహ: గంధకం చవక, బ్యాటరీ కూడా చవకే.

వాస్తవం: లిథియం రేకు చవక కాదు.

అపోహ: పాత ప్యాక్ విప్పి సెపరేటర్ మారిస్తే కొత్తదవుతుంది.

వాస్తవం: విప్పకండి. ఛార్జి మిగిలిన సెల్‌ను కోస్తే షార్టయి మంటలు లేస్తాయి.