సిమ్ మారిస్తే నెంబర్లు వస్తాయా? ఫోన్ కాంటాక్ట్స్ మీద అపోహలు - వాస్తవాలు

హన్మకొండ చౌరస్తా దగ్గర మాది మొబైల్ సర్వీస్ షాపు. డిస్‌ప్లే పగిలిందని వచ్చేవాళ్ళు ముందు రేటు అడుగుతారు. నెంబర్లు పోయినయని వచ్చేవాళ్ళు రేటు ఊసే ఎత్తరు, "ఎట్లనన్న తెచ్చిపెట్టు అన్నా" అంటారు. ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి తెచ్చే రైతుకు అడ్తిదారు నెంబర్, కోతలకు పిలిచే హార్వెస్టర్ డ్రైవర్ నెంబర్, దుబాయిలో ఉన్న కొడుకు నెంబర్ అన్నీ ఆ ఒక్క ఫోన్‌లోనే ఉంటాయి. వాటిలో ఒక్కటి కూడా నోటికి రాదు.

ఇలా పోగొట్టుకున్నవాళ్ళలో చాలామంది నెంబర్లను కాపాడుకోవచ్చు. వాళ్ళకు తెలియంది ఒక్కటే, ఆ నెంబర్ ఎక్కడ సేవ్ అయిందన్నది. స్మార్ట్‌ఫోన్‌లో అది మూడు చోట్ల ఉండొచ్చు: సిమ్ కార్డు, ఫోన్ మెమరీ, గూగుల్ లేదా ఐక్లౌడ్ లాంటి అకౌంట్. ఫోన్ మాత్రం మూడింటినీ కలిపి ఒకే లిస్టుగా చూపిస్తుంది. అందుకే ఫోన్ మార్చేదాకా తేడా కనబడదు.

అపోహ: నెంబర్లన్నీ సిమ్‌లోనే ఉంటాయి. సిమ్ తీసి కొత్త ఫోన్‌లో వేస్తే చాలు.

కీప్యాడ్ ఫోన్ల కాలంలో ఇది చాలావరకు నిజమే. ఇప్పటి స్మార్ట్‌ఫోన్లు ఎక్కువగా గూగుల్ అకౌంట్‌లోకో, ఫోన్ మెమరీలోకో సేవ్ చేస్తాయి. సిమ్ తీసి వేరే ఫోన్‌లో వేస్తే ఎప్పుడో పాత ఫోన్‌లో సేవ్ చేసిన నెంబర్లే కనిపించి, ఈ మధ్యవి ఏవీ రాకపోవడానికి కారణం ఇదే.

పోనీ అన్నీ సిమ్‌లోకి కాపీ చేసుకుందామంటే అందులో చోటు తక్కువ. మామూలుగా 250 పేర్లు, కొన్ని సిమ్‌లలో 500 దాకా పడతాయి. పేరుకు కొన్ని అక్షరాలే పడతాయి, తెలుగులో రాస్తే ఇంకా ముందే తెగిపోతుంది. ఒక మనిషికి రెండు నెంబర్లు, అడ్రస్ లాంటివి సరిగ్గా రావు. ఫొటో అసలే రాదు. ఈ ఫొటో సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కానీ నా లెక్కలో ఇదే పెద్దది. చదువు రాని పెద్దవాళ్ళు ఎంతోమంది బిడ్డ ఫొటో చూసి బిడ్డకు, డాక్టర్ ఫొటో చూసి డాక్టర్‌కు ఫోన్ చేస్తారు. వాళ్ళ కాంటాక్ట్స్‌ని సిమ్‌లోకి మార్చి ఇస్తే నెంబర్లు ఇచ్చినట్టే ఉంటుంది గానీ ఆ అవ్వ ఎవరికీ ఫోన్ చేసుకోలేకపోతుంది. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోన్ మార్చేటప్పుడు దయచేసి అకౌంట్ ద్వారానే మార్చండి.

ఐఫోన్ అయితే సిమ్‌లో ఉన్న నెంబర్లను చదువుకుంటుంది, తను మాత్రం సిమ్‌లోకి రాయదు. ఈసిమ్‌కు (ఫోన్‌లోనే ఇమిడి ఉండే సిమ్) మారినవాళ్ళకు తీసి పెట్టుకోవడానికి కార్డే ఉండదు.

అపోహ: ఫోన్ పోయినా డూప్లికేట్ సిమ్ తీసుకుంటే కాంటాక్ట్స్ వచ్చేస్తాయి.

రావు. మేడారం జాతర రద్దీలో ఫోన్ పోగొట్టుకుని వచ్చినవాళ్ళకు ఈ మాట చెప్పడం కష్టంగా ఉంటుంది. డూప్లికేట్ సిమ్‌తో మీ మొబైల్ నెంబర్ తిరిగి వస్తుంది, కార్డు మాత్రం ఖాళీ. పాత సిమ్‌లో ఉన్న పేర్లు ఆ పాత చిప్‌లోనే ఉండిపోయాయి. వేరే కంపెనీకి పోర్ట్ అయినా ఇంతే. కేంద్ర ప్రభుత్వ వెబ్‌సైట్ సంచార్ సాథీలో ఫిర్యాదు చేస్తే ఫోన్ బ్లాక్ అవుతుంది, ఎవరైనా వాడితే దొరికే అవకాశమూ ఉంది. ఆ ఫిర్యాదు తప్పకుండా చేయండి, కానీ నెంబర్లు దానితో రావు.

ఇంకొక ఇబ్బంది చాలామందికి తెలియదు. సిమ్ మార్చుకున్న తర్వాత 24 గంటల దాకా ఎస్సెమ్మెస్‌లు పనిచేయవు. మోసగాళ్ళు మీ సిమ్ తీసుకుని ఓటీపీలు పట్టకుండా పెట్టిన నిబంధన ఇది. కాబట్టి అకౌంట్‌లో ఉన్న నెంబర్ల కోసం కొత్త ఫోన్‌లో జీమెయిల్ తెరవబోయి, పాస్‌వర్డ్ గుర్తులేక ఓటీపీ మీదే ఆధారపడితే ఆ రోజంతా ఆగాల్సిందే. టెన్షన్ పడి పదిసార్లు తప్పు పాస్‌వర్డ్ కొట్టకండి, లాగిన్ ఇంకా కష్టమవుతుంది.

అపోహ: ఫోన్‌లో జీమెయిల్ ఉంది కదా, అన్నీ దాంట్లోనే ఉంటాయి.

ఉండొచ్చు, ఉండకపోవచ్చు. జీమెయిల్ లాగిన్ అయి ఉండటం వేరు, నెంబర్ అందులో సేవ్ అవడం వేరు. కొత్త కాంటాక్ట్ సేవ్ చేసేటప్పుడు ఆ స్క్రీన్‌లో ఎక్కడ సేవ్ అవుతుందో ఉంటుంది. అక్కడ "డివైస్" అనో "ఫోన్" అనో ఉంటే అది గూగుల్‌కు వెళ్ళదు. ఆ ఫోన్ రీసెట్ అయితే దానితోపాటే పోతుంది. గూగుల్ సెట్టింగ్స్‌లో డివైస్ కాంటాక్ట్స్‌ను కూడా సింక్ చేసే (అంటే అకౌంట్‌తో కలిపి ఉంచే) ఆప్షన్ ఉంది, అది ఆన్ చేస్తే ఫోన్ మెమరీలోవి కూడా అకౌంట్‌లోకి వెళ్తాయి.

నమ్మకంగా తెలుసుకోవాలంటే ఒకటే దారి. వేరే ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో కాంటాక్ట్స్.గూగుల్.కామ్ తెరిచి, మీ జీమెయిల్‌తో లాగిన్ అయి, ఈ మధ్య సేవ్ చేసిన పేరు ఒకటి వెతకండి. కనిపిస్తే సింక్ నడుస్తోంది. కనిపించకపోతే ఈరోజే సరిచేసుకోవాలి.

ఇక ఆ జీమెయిల్ ఎవరిది? ఇది నేను అందరినీ అడిగే ప్రశ్న. కొన్న రోజు షాపు అబ్బాయి ఏదో మెయిల్ క్రియేట్ చేసి ఇచ్చాడు, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియదు. కొన్నిచోట్ల షాపువాళ్ళు తమ సొంత మెయిల్‌తోనే లాగిన్ చేసి ఇస్తారు. అప్పుడు మీ ఇంటి ఆడపిల్లల నెంబర్లు కూడా ముక్కూమొహం తెలియని మనిషి అకౌంట్‌లో చేరతాయి. ఈ పని చేసే మా తోటివాళ్ళకు గట్టిగానే చెప్తున్నా, ఇది చేయకూడని పని. కస్టమర్ పేరు మీద, కస్టమర్ నెంబర్‌తో అకౌంట్ తెరవాలి, పాస్‌వర్డ్ వాళ్ళే పెట్టుకోవాలి, దాన్ని ఇంట్లో ఒక పుస్తకంలో రాసుకోమని చెప్పాలి. పది నిమిషాల పని.

ఇంట్లో నాన్నకు, కొడుక్కు, బిడ్డకు కలిపి ఒకే జీమెయిల్ పెట్టడం కూడా ఇలాంటిదే. అందరి నెంబర్లూ అందరి ఫోన్లలోకీ వస్తాయి. కొడుకు "ఇవన్నీ నాకెందుకు" అని డిలీట్ చేస్తాడు, నాన్న ఫోన్‌లో కూడా పోతాయి. మనిషికొక అకౌంట్ ఉండాలి. ఆ అకౌంట్‌ను అప్పుడప్పుడు వాడాలి కూడా, రెండేళ్ళు ముట్టకుండా వదిలేసిన అకౌంట్‌ను గూగుల్ తొలగించవచ్చు.

అపోహ: సింక్ ఆన్‌లో ఉంటే బ్యాకప్ ఉన్నట్టే.

సింక్ అద్దం లాంటిది, ఇక్కడ ఏది మారితే అక్కడా అదే మారుతుంది. చేర్చింది చేరినట్టే, తీసేసింది తీసేసినట్టే. అయితే గూగుల్‌లో డిలీట్ అయిన కాంటాక్ట్ 30 రోజుల దాకా ట్రాష్‌లో ఉంటుంది. వెబ్‌సైట్ సెట్టింగ్స్‌లో "అన్‌డూ చేంజెస్" నొక్కితే మొత్తం లిస్టును గత 30 రోజుల్లో ఏదో ఒక సమయానికి వెనక్కి తీసుకెళ్ళొచ్చు. కాబట్టి నెంబర్లు పోయాయని తెలిసిన వెంటనే రండి. రెండు నెలల తర్వాత వస్తే ఈ దారి మూసుకుపోయి ఉంటుంది.

వ్యాపారం చేసేవాళ్ళు కొన్ని నెలలకోసారి కాంటాక్ట్స్ యాప్‌లో ఎక్స్‌పోర్ట్ నొక్కి, కాంటాక్ట్స్ అన్నీ ఒకేచోట ఉండే వీసీఎఫ్ ఫైల్ కూడా తీసుకోవాలి. తీసి అదే ఫోన్‌లో ఉంచితే ఏం లాభం? డ్రైవ్‌లోనో పెన్‌డ్రైవ్‌లోనో పెట్టండి. మీ లిస్టు మొత్తం అందులో ఉంటుంది కాబట్టి ఎవరికి పడితే వాళ్ళకు వాట్సాప్‌లో పంపకండి. ఆ ఫైల్‌ను కంప్యూటర్ నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే తెలుగు పేర్ల చోట ఒక్కోసారి =E0=B0 అంటూ ఏవో గుర్తులు కనిపిస్తాయి. పేర్లు పాడయ్యాయని కంగారు పడొద్దు, తెలుగు అక్షరాలను దాచే పద్ధతి అది. ఫోన్‌లో ఇంపోర్ట్ చేస్తే మళ్ళీ తెలుగే వస్తుంది. పట్టికలా ఉండే సీఎస్‌వీ ఫైల్ తీసి ఎక్సెల్‌లో తెరిస్తే మాత్రం జాగ్రత్త. 91తో మొదలయ్యే 12 అంకెల నెంబర్‌ను అది 9.19E+11 లాగా మార్చి చూపిస్తుంది, ముందున్న ప్లస్ గుర్తును, సున్నాను తీసేస్తుంది. ఆ ఫైల్‌ను అక్కడ సేవ్ చేయకండి.

అపోహ: వాట్సాప్ బ్యాకప్‌లో నెంబర్లు కూడా ఉంటాయి.

అందులో ఉండేది చాట్లు, ఫొటోలు, వీడియోలు. మీరు "కరెంట్ శ్రీను" అని సేవ్ చేసుకున్న పేరు ఫోన్‌బుక్‌ది. ఫోన్‌బుక్ ఖాళీ అయితే చాట్ తిరిగి వచ్చినా పైన ఉత్త నెంబరే కనిపిస్తుంది, పక్కన ఆ మనిషి తనకు తాను పెట్టుకున్న పేరు ఉండొచ్చు. 2024 చివరి నుంచి వాట్సాప్‌లోనే కాంటాక్ట్ దాచుకునే సౌకర్యం తెచ్చారు కానీ అలా దాచింది ఫోన్ డయలర్‌లోకి రాదు. అయితే అంతా పోయినవాళ్ళకు చాట్ల బ్యాకప్ ఒక ఆసరా. ఒక్కొక్క చాట్ తెరిచి, మాటలను బట్టి మనిషిని గుర్తుపట్టి మళ్ళీ సేవ్ చేసుకోవచ్చు. ఓపిక కావాలి, పని మాత్రం జరుగుతుంది.

అపోహ: ఫోన్ చచ్చిపోయినా షాపులో ఏదో మిషన్ పెట్టి నెంబర్లు తీస్తారు.

డిస్‌ప్లే మాత్రమే పోయి లోపల ఫోన్ బతికే ఉంటే దారి ఉంది. డిస్‌ప్లే మారిస్తే సరిపోతుంది. టచ్ ఒక్కటే పోతే చాలా ఫోన్లకు ఓటీజీ (ఛార్జింగ్ పిన్‌లో పెట్టే చిన్న అడాప్టర్) ద్వారా మౌస్ పెట్టి అన్‌లాక్ చేయొచ్చు. బోర్డు పోతే కథ వేరు. ఆండ్రాయిడ్ 10 నుంచి కొత్తగా వచ్చే ఫోన్లన్నింటిలో మెమరీ ఎన్‌క్రిప్ట్ అయి, అంటే తాళం వేసిన రహస్య రూపంలో ఉంటుంది. చిప్ విడిగా ఊడదీసినా అందులోది చదవలేము, బోర్డు మళ్ళీ ఆన్ అయి మీ లాక్ పడితేనే తెరుచుకుంటుంది. రీసెట్ చేసిన ఫోన్ నుంచి కూడా తీసిస్తామని ముందే డబ్బులు అడిగేవాళ్ళను నమ్మకండి.

అపోహ: ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు నెంబర్లు పోవు.

పోతాయి. ఐఫోన్ సెట్టింగ్స్‌లో మీ జీమెయిల్ చేర్చి కాంటాక్ట్స్ ఆన్ చేస్తే చాలు. కొత్త ఐఫోన్ సెటప్ చేసేటప్పుడైతే "మూవ్ టు ఐఓఎస్" యాప్ ఉంది. ఆ తర్వాత కొత్తగా సేవ్ చేసేవి జీమెయిల్‌లోకి పోతున్నాయా ఐక్లౌడ్‌లోకా అని చూసుకోండి. ఐక్లౌడ్‌లోకి పోయినవి మళ్ళీ ఆండ్రాయిడ్‌కు వచ్చిన రోజు కనబడవు.

రెండు ఆండ్రాయిడ్ ఫోన్ల మధ్య మార్చే స్మార్ట్ స్విచ్ లాంటి క్లోన్ యాప్‌లకు నెట్ బ్యాలెన్స్ ఖర్చు కాదు, ఫోన్లు నేరుగా ఒకదానితో ఒకటి వైఫైలో మాట్లాడుకుంటాయి. రెండుసార్లు ఇంపోర్ట్ చేసి పేర్లు డబుల్ అయితే గూగుల్‌లో మెర్జ్ ఆప్షన్ ఉంది. అన్నీ ఒకేసారి మెర్జ్ నొక్కేముందు లిస్టు చూడండి, మన దగ్గర ఒక్కొక్కరి ఫోన్‌లో ఎంతమంది రాజులు, ఎంతమంది శ్రీనులు ఉంటారో తెలిసిందే.

జగిత్యాల, సిరిసిల్ల, కరీంనగర్ వైపు నుంచి గల్ఫ్‌కు వెళ్ళేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. నెంబర్లు సరిగ్గానే ట్రాన్స్‌ఫర్ అయినా అక్కడి సిమ్‌తో ఇంటికి కలవవు, ఎందుకంటే అవి పది అంకెలతోనో ముందు సున్నాతోనో సేవ్ అయి ఉంటాయి. బయల్దేరేముందే ఇంటి నెంబర్లన్నింటికీ +91 చేర్చండి. ఇక్కడ ఉన్నవాళ్ళు కూడా అక్కడి నెంబర్‌ను సౌదీకి +966, దుబాయికి +971 పెట్టి సేవ్ చేసుకోవాలి. పాస్‌పోర్ట్ జిరాక్స్ వెనక రెండు మూడు నెంబర్లు పెన్నుతో రాసి పెట్టమని కూడా చెప్తాను, ఎయిర్‌పోర్టులో ఫోన్ ఆగిపోయినా పనికొస్తుంది.

పాత ఫోన్ ఎక్స్‌చేంజ్‌కు ఇస్తుంటే తొందరపడకండి. వీలైతే కొత్త ఫోన్‌ను వారం వాడి, నెంబర్లన్నీ వచ్చాయని చూసుకున్నాకే పాతది ఇవ్వండి. ఇచ్చేముందు సిమ్, మెమరీ కార్డు తీసి, సెట్టింగ్స్‌లో జీమెయిల్ అకౌంట్ రిమూవ్ చేసి, ఆ తర్వాత రీసెట్ చేయండి. రిమూవ్ చేయకుండా రికవరీ మోడ్ నుంచి (ఫోన్ ఆఫ్ చేసి బటన్లు నొక్కి తెరిచే మెనూ) రీసెట్ చేస్తే ఫోన్ మళ్ళీ మీ పాత జీమెయిలే అడుగుతుంది, కొన్నవాళ్ళు దాని పాస్‌వర్డ్ కోసం మీకే ఫోన్ చేస్తారు. ఆ పాస్‌వర్డ్ చెప్పకండి. ఫోన్ తెమ్మని చెప్పి, పాస్‌వర్డ్ మీరే కొట్టి, అకౌంట్ తీసేసి ఇవ్వండి.